పచ్చికబయలు ఎవరిది?



గోల్ఫ్ అనునది చిన్న బంతిని కర్రతో కొట్టుచు, దూరముగా నేలలోనున్న గుంటలో వీలైనన్ని తక్కువ దెబ్బలతో పడవేయు ఆట. సేద్యపు పత్రికలో దీని ప్రసంగమేల యని మీరడుగవచ్చును. ఈ కథ ఆటను గూర్చినదిగా కన్పట్టినను, నిజమునకు పశువుల బీడును గూర్చినది.

స్కాట్లాండునకు పడమట సముద్రములో సౌత్ యూయిస్ట్ అను ద్వీపము కలదు. దాని పడమటి తీరమంతయు గవ్వలపొడి కలసిన ఇసుకనేల. గవ్వలలోని సున్నమువలన ఆ నేల వేసవిలో పూలతో నిండిన పచ్చికబయలగును. అచ్చటి చిన్నరైతులు సముద్రపు నాచును ఎరువుగా వేసి ఓట్లు, రై, బార్లీ పండింతురు, పశువులను మేపుకొందురు. తీరపు ఇసుకదిబ్బలను ఒక మొండిగడ్డి తన వేళ్ళతో ఎగిరిపోకుండ పట్టియుంచును. మన సముద్రతీరమున సరుగుడుతోటలు చేయు పనియే అది.

పూర్వమీ ద్వీపము కర్నల్ గోర్డన్ అను భూస్వామి చేతిలో నుండెను. 1851లో అనేక కుటుంబములను బలవంతముగా ఓడలెక్కించి కెనడాకు పంపిరి. 1886 నాటి చట్టము మిగిలిన రైతులకు భూమిపై స్థిరమైన హక్కును, న్యాయమైన శిస్తును ఇచ్చెను. 1891లో కర్నల్ కోడలు లేడీ గోర్డన్ కాత్‌కార్ట్ కోరికపై టామ్ మారిస్ అను డెబ్బదియేండ్ల ప్రసిద్ధ ఆటగాడు వచ్చి, ఆస్కర్నిష్ గ్రామమువద్ద ఇసుకదిబ్బల నడుమ 18 గుంటల మైదానమును గుర్తించెను. పిదప ఆదరణ తగ్గినది. మైదానములో చాలభాగము గడ్డిలో కలసిపోయెను. గ్రామస్థులు కొలది గుంటలను మాత్రము నిలుపుకొనిరి.

2005లో పచ్చిక పెంపకమునందు ఆరితేరిన యొకడు వచ్చి, ఆ మరుగుపడిన మైదానమును గుర్తుపట్టెను. 2006లో ద్వీపవాసులు స్టోరస్ యూయిస్ట్ అను తమ సంస్థ ద్వారా 93,000 ఎకరముల జమీను నంతయు 45 లక్షల పౌండ్లకు కొనిరి. భూస్వామి పోయి ప్రజలే యజమానులైరి. 2008లో మైదానము తిరిగి తెరువబడినది.

అయినను పేచీ తీరలేదు. తమ పశువుల మేత పోవునని కొందరు రైతులు ఎదురుతిరిగి న్యాయస్థానమునకెక్కిరి. వారు ఆటకు శత్రువులు కారు. తాతల నాటి మేతహక్కును కాపాడుకొనగోరినవారు. నేడు వేసవిలో ఆటగాండ్రును, చలికాలమున గొఱ్ఱెలు, పశువులును ఆ బయలుననే తిరుగుచున్నవి. మందలు మేయుటచే గడ్డి పొట్టిగా నుండును. పెంట నేలకు ఎరువగును.

ఇందు మనము గ్రహింపవలసినదేమి? భూమి సంఘము పేరికి వచ్చినంతమాత్రమున తగవులు వాటంతట తీరవు. దొర మాటకు బదులు అధికసంఖ్యాకుల మాట వచ్చును. రెండింటి క్రిందను ఒంటరివాడు నలుగవచ్చును. మన గ్రామములందును ఉమ్మడి బీడులో గిడ్డంగి కట్టుటకో, తోట వేయుటకో సంఘము తలపెట్టినపుడు, ముందుగా అచ్చట ఎవరి పశువులు, ఎన్ని, ఏ మాసములలో మేయుచున్నవో వ్రాసికొనుడు. సెంటు భూమియు లేక రెండు మేకలతో బ్రదుకువానిని మొట్టమొదట పిలిచి అడుగుడు. తీర్మానము పిమ్మట చేయవచ్చును.

ఇసుకపై ఇల్లు నిలువదందురు. గడ్డివేళ్ళు పట్టియుంచిన ఇసుక మాత్రము నిలిచినది. సంఘమునకు అట్టి వేళ్ళు సభ్యుల నమ్మకమే.