పిల్లి గురగుర ఎక్కడ పుడుతుంది?

పిల్లలూ, గొంతు మీద రెండు వేళ్లు ఆనించి "మ్‌మ్‌మ్" అనండి. వేళ్లకు సన్నని అదురు తగులుతుంది. ఇప్పుడు "స్‌స్‌స్" అనండి. అదురు ఉండదు, గాలి మాత్రమే పోతుంది. ఈ తేడా పట్టుకుంటే జంతువుల అరుపుల పాఠం సగం వచ్చేసినట్టే.

ఊపిరి గొట్టం పైభాగాన స్వరపేటిక ఉంటుంది. దాని లోపల రెండు మెత్తని మడతలు ఉంటాయి. వాటినే స్వరతంత్రులు అంటాం. ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలి వాటి మధ్యగా పోతున్నప్పుడు అవి కంపిస్తాయి, ధ్వని పుడుతుంది. మగవాళ్లు మాట్లాడేటప్పుడు అవి సెకనుకు సుమారు 120 సార్లు, ఆడవాళ్లు మాట్లాడేటప్పుడు సుమారు 200 సార్లు కంపిస్తాయి. కంపనాలు ఎక్కువైతే గొంతు సన్నగా, తగ్గితే బొంగురుగా వినిపిస్తుంది. కుక్క, ఆవు, మేక, పిల్లి అన్నిటికీ ఇదే ఏర్పాటు. పిల్లి నోరు తెరిచి మెల్లగా మూస్తుంది కాబట్టే "మ్యావ్" అని వినిపిస్తుంది. కోపం వచ్చి బుస్సుమన్నప్పుడు మాత్రం అది మన "స్‌స్‌స్" లాంటిదే, ఒట్టి గాలి.

మరి ఒళ్లో పడుకుని చేసే గురగుర సంగతేమిటి? అందులో సెకనుకు 25 నుంచి 30 కంపనాలే ఉంటాయి. నాలుగైదు కిలోల జంతువుకు అంత లోతైన ధ్వని ఎలా వస్తుంది? మెదడు ఆజ్ఞ ఇస్తుంటే గొంతు కండరాలు టకటకా బిగిసి వదులవుతాయని చాలాకాలం చెప్పుకున్నారు. 2023లో వియన్నా విశ్వవిద్యాలయ పరిశోధకులు జబ్బుతో చనిపోయిన 8 పిల్లుల స్వరపేటికల్లోకి గాలి పంపి చూశారు. మెదడు ఆజ్ఞ లేకుండానే ఆ లోతైన ధ్వని వచ్చింది. స్వరతంత్రుల్లో మెత్తల్లాంటి కణజాలం ఉందనీ, దాని బరువు వల్లే కంపనం నెమ్మదిస్తుండవచ్చుననీ వాళ్లు చెప్పారు. బతికున్న పిల్లిలో కండరాల పాత్ర ఎంత అన్నది ఇంకా చర్చలోనే ఉంది. ఇంకో విశేషం: పిల్లి ఊపిరి పీల్చేటప్పుడూ వదిలేటప్పుడూ గురగుర సాగుతూనే ఉంటుంది. గాడిద ఓండ్ర కూడా అంతే, రెండు వైపులా పలుకుతుంది.

పక్షుల దారి వేరు. వాటి ధ్వని గొంతు పైభాగంలో పుట్టదు. కింద, ఊపిరి గొట్టం రెండుగా చీలే చోట సిరింక్స్ అనే భాగంలో పుడుతుంది. చిలక పెదవులు లేకపోయినా మన మాటను అనుకరించేది దానితోనే. మగ కప్ప నోరు మూసుకునే బెకబెకమంటుంది. దాని గొంతు కింద సంచి ఉబ్బి చప్పుడు పెద్దదవుతుంది. కీచురాయికి గొంతే లేదు, రెక్కలు ఒకదానితో ఒకటి రాస్తుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. గురగురలాడే పిల్లి ఎప్పుడూ సంతోషంగా ఉందనుకోకండి. దెబ్బ తగిలినా, జబ్బు చేసినా, ఈనేటప్పుడు కూడా అది గురగురమంటుంది. తిండి మానేసి మూల కూర్చుని గురగురమంటుంటే పశువైద్యుడికి చూపించాలి. చెవులు వెనక్కి వాల్చి బుస్సుమంటే "దగ్గరికి రావద్దు" అని అర్థం. పిల్లలు అక్కడితో ఆగిపోవాలి. కరిచినా, గీరినా పసుపు, కారం, సున్నం పెట్టకండి. పారే నీళ్లలో సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. చిన్న గీతే కదా అని వదిలెయ్యవద్దు. రేబీస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం, ముందే వేయించే టీకాయే రక్ష.

పిల్లలకు ఇంటిపని: కుక్క మొరుగుతుంది, నక్క ఊళ వేస్తుంది, గుర్రం సకిలిస్తుంది, ఏనుగు ఘీంకరిస్తుంది, ఎద్దు రంకె వేస్తుంది. వీధిలో మనం వేరే భాష మాట్లాడుతుంటాం కాబట్టి ఇలాంటి మాటలు పిల్లల నోట తగ్గిపోతున్నాయి. అవ్వనో తాతనో అడిగి ఇంకో అయిదు మాటలు రాసుకురండి. ఒక్కో అరుపు గొంతులో పుడుతుందా, రెక్కల్లో పుడుతుందా, ఒట్టి గాలేనా అన్నది పక్కన రాయండి.

– ప్రధానోపాధ్యాయులు