బోరు మోటారు నుంచి గ్యాస్ ఓడ దాకా: నీళ్ళలో తిరిగే బేరింగ్‌ల సంగతి

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళకి ఇంటి నుంచి తరచూ వచ్చే ఫోన్ ఒకటుంది: "బోరు మోటారు మళ్ళీ కాలిపోయింది, డబ్బులు పంపించు." నేను దోహాలో పంపులు, పడవ షాఫ్టులు బాగుచేసే వర్క్‌షాపులో ఫిట్టర్‌ని. అలాంటి ఫోన్ వచ్చిందని ఎవరు చెప్పినా నేను అనేది ఒక్కటే: వైండింగ్‌కి డబ్బులిచ్చే ముందు బుష్ చూడమనండి. ఆ బుష్‌కీ, ఇక్కడి సముద్రంలో తిరిగే పడవ షాఫ్ట్‌కీ దగ్గరి చుట్టరికం ఉంది.

బేరింగ్ పని తిరిగే ఇరుసును అటూ ఇటూ ఊగకుండా పట్టుకోవడం. ఎడ్లబండి ఇరుసుకు కందెన రాసినట్టే దీనికీ ఏదో ఒక కందెన కావాలి. అది గ్రీజా, నూనా, నీళ్ళా అన్నదాన్ని బట్టే బేరింగ్ రకం మారుతుంది.

గ్రీజు మీద నడిచేవి

ఖతార్ విల్లాల్లో ట్యాంకుకి నీళ్ళెక్కించే పంపు మోటారులో ఉండేది బాల్ బేరింగ్. ఇందులో ఉక్కు గుండ్లు దొర్లుతాయి. దాని మీది నంబరు చదవడం తేలిక. 6204 అంటే చివరి రెండంకెలను 5తో హెచ్చించండి, 20 మిల్లీమీటర్ల షాఫ్ట్‌కి సరిపోతుంది. 6205 అయితే 25. (04 కంటే చిన్న అంకెలకు ఈ లెక్క కుదరదు, 6203 షాఫ్ట్ 17 మిల్లీమీటర్లు.) పక్కన 2ఆర్ఎస్ అని ఉంటే రెండు వైపులా రబ్బరు మూత, జెడ్‌జెడ్ అంటే రేకు మూత.

దీనికి నీళ్ళు శత్రువు. పంపు సీల్ కారితే ఆ నీళ్ళు షాఫ్ట్ వెంబడి బేరింగ్‌లోకి చేరతాయి, గ్రీజు పాడై గుండ్లు తుప్పు పడతాయి. మోటారు కీచుమంటోందని బేరింగ్ ఒక్కటే మార్చి, కారే సీల్‌ని అలాగే వదిలేస్తే కొత్త బేరింగ్ కూడా ఎన్నాళ్ళో నిలవదు.

నీళ్ళనే కందెనగా వాడుకునేవి

పడవ ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎప్పుడూ నీళ్ళలోనే ఉంటుంది. తొలినాళ్ళ ఆవిరి ఓడల్లో అక్కడ లోహపు బేరింగ్‌లు పెడితే త్వరగా అరిగిపోయేవి. 1854లో ఇంగ్లండ్ ఇంజనీరు జాన్ పెన్ లిగ్నమ్ వైటే అనే చెక్కతో చేసిన బేరింగ్‌కి పేటెంటు తీసుకున్నాడు. అది నీళ్ళలో మునిగిపోయేంత బరువైన చెక్క. దానిలో సహజంగా ఉండే బంకే కందెనగా పనిచేస్తుంది.

తర్వాత రబ్బరు వచ్చింది. 1920ల్లో కాలిఫోర్నియా గనుల్లో పనిచేసిన చార్లెస్ షేర్‌వుడ్ అనే ఇంజనీరు పంపు బేరింగ్ పాడైతే దాని స్థానంలో రబ్బరు గొట్టం ముక్క పెట్టి నడిపాడని చెబుతారు. ఇసుక నీళ్ళలో కూడా అది బాగా పనిచేసింది. ఇవాళ చిన్న పడవల్లో వాడే కట్‌లెస్ బేరింగ్ ఆ దారిలోనే పుట్టింది: బయట ఇత్తడి గొట్టం, లోపల రబ్బరు, రబ్బరులో నిలువు గాళ్ళు. షాఫ్ట్ తిరిగేటప్పుడు మధ్యలో పల్చటి నీటి పొర ఏర్పడుతుంది. ఇసుక రేణువు వస్తే రబ్బరు కాస్త లోపలికి ఒదిగి, దాన్ని గాడిలోకి తోసేస్తుంది.

గల్ఫ్‌లో ఇది చాలా ముఖ్యం. ఇక్కడ సముద్రం లోతు తక్కువ, ఇసుక, దుమ్ము ఎక్కువ. మామూలు సముద్రంలో కిలో నీటికి సుమారు 35 గ్రాముల ఉప్పుంటే ఇక్కడ 40 దాటుతుంది. పడవను ఒడ్డుకు లాగినప్పుడు ప్రొపెల్లర్‌ని చేత్తో పైకెత్తి చూడాలి, ఆట బాగా కనిపిస్తే బేరింగ్ మార్చాల్సిందే. కొత్తది ఎక్కించేటప్పుడు గ్రీజు వద్దు, సబ్బు నీళ్ళు చాలు.

నూనె మీద నడిచే పెద్ద ఓడలు

రాస్ లఫాన్ నుంచి గ్యాస్ తీసుకెళ్ళే క్యూ-మ్యాక్స్ ఓడలు 345 మీటర్ల పొడవు. ఒక్కొక్కదానిలో సుమారు 2,66,000 ఘనపు మీటర్ల ద్రవ గ్యాస్ పడుతుంది. వాటికి రెండు ప్రొపెల్లర్లు, రెండు చుక్కానులు. సాధారణంగా పెద్ద ఓడల షాఫ్ట్ తగరం కలిసిన మెత్తని వైట్ మెటల్ బేరింగ్‌లో, నూనెలో తిరుగుతుంది. నూనె బయటికి పోకుండా, సముద్రం లోపలికి రాకుండా సీల్ కాపలా. ఆ సీల్ దెబ్బతింటే నూనె సముద్రంలోకి పోతుంది. ఖతార్‌లో మనం వాడే మంచినీళ్ళు దాదాపు అన్నీ సముద్రపు నీటిని శుద్ధి చేసి ఇచ్చేవే కాబట్టి, ఈ సముద్రంలో నూనె కలవడం మన వంటింటికి సంబంధించిన విషయమే. సముద్రపు నీళ్ళనే కందెనగా వాడే బేరింగ్‌ల వైపు మళ్ళీ చూపు మళ్ళడానికి ఈ కాలుష్యం ఒక కారణం.

చుక్కాని తీరు వేరు. అది గిర్రున తిరగదు, అటు 35 డిగ్రీలు, ఇటు 35 డిగ్రీలు మెల్లగా కదులుతుంది. అంత నెమ్మదిలో నీటి పొర నిలవదు. అందుకే అక్కడ కందెన లేకపోయినా తట్టుకునే కంచు బుష్ గానీ, గట్టి ప్లాస్టిక్ రకం బుష్ గానీ వేస్తారు. కొన్ని ప్లాస్టిక్‌లు నీళ్ళలో ఉబ్బుతాయి, ఆ ఉబ్బుకి ముందే ఖాళీ ఉంచకపోతే చుక్కాని బిగుసుకుపోతుంది.

ఇక మన బోరు మోటారు

వ్యవసాయ బోర్లలో ఎక్కువగా దించే నీళ్ళు నింపిన సబ్‌మెర్సిబుల్ మోటారులోని బుష్‌లకూ, బరువు మోసే త్రస్ట్ బేరింగ్‌కూ నీళ్ళే కందెన. బోరులో నీళ్ళు అడుగంటాక కూడా మోటారు ఆడితే పంపులోని బుష్‌లు ఎండి అరుగుతాయి, మోటారు కూడా వేడెక్కుతుంది. మోటారు బుష్ అరిగిన కొద్దీ షాఫ్ట్ ఊగి రోటర్ లోపలి గోడకు రాసుకుంటుంది. అప్పుడు వైండింగ్ కాలుతుంది. అలా కాలినప్పుడు వైండింగ్ ఒక్కటే కట్టించి దించితే మళ్ళీ అదే కథ. కరెంటులో ఒక ఫేజు పోయినా మోటారు కాలుతుంది గనుక, అసలు కారణం తేల్చుకోవాలి.

అందుకే డబ్బు పంపే ముందు నాన్నకో తమ్ముడికో ఇవి చెప్పండి. పాత బుష్‌లు, త్రస్ట్ ప్లేటు మెకానిక్ దగ్గర అడిగి ఫోటో తీసి పంపమనండి. రోటర్ మీద రాపిడి గీతలున్నాయేమో చూడమనండి. దించే ముందు మోటారులో శుభ్రమైన నీళ్ళు నింపారా అని అడగండి. నీళ్ళు తగ్గితే మోటారును ఆపేసే డ్రై రన్ రక్షణ, ఫేజు పోతే ఆపే రక్షణ స్టార్టర్‌లో పెట్టించండి. ఈ నాలుగూ చూసుకున్నాకే వైండింగ్ డబ్బులు పంపండి.