జీపు ముందు చక్రాల చూపు

మా ఊరి జీపు ఘాట్ రోడ్డులో స్టీరింగు తిన్నగా పట్టుకున్నా అటూ ఇటూ పోతుంటే, లోయ పక్క కూర్చున్న మాకు ప్రాణం పోయేది. అందరం రోడ్డునే తిట్టాం. తీరా చూస్తే ముందు టైర్లు రెండూ లోపలి అంచునే అరిగాయి! అంటే అవి ముందువైపు ఎడమై ఉన్నాయన్నమాట. మామూలుగా ఇలాంటి జీపుకి ముందువైపు 2, 3 మిల్లీమీటర్లు దగ్గరగా ఉండాలి. పరుగులో కొంచెం విచ్చుకుని సమంగా నిలుస్తాయి.

కొలవడం తేలికే. టైర్ల ముందువైపు, ఇరుసు ఎత్తున, సుద్దతో గీతలు పెట్టి మధ్య దూరం కొలవాలి. చక్రం సగం తిరిగేదాకా బండిని తోస్తే అవే గీతలు వెనక్కి వస్తాయి. మళ్ళీ కొలవాలి. తేడా ఉంటే మెకానిక్ టై రాడ్డు తిప్పి సరిచేస్తాడు. దాని చివరి జాయింట్లు లూజైతే ముందు అవి మార్చాలి, లేకపోతే ఎంత తిప్పినా దండగే. మా జీపుకి అదే అయింది.