పడుకోబెట్టే పని మధ్యాహ్నమే మొదలవుతుంది

మాఘమాసం తిరునాళ్లప్పుడు పెనుగంచిప్రోలులో పెద్దవాళ్లకే నిద్ర ఉండదు. తిరుపతమ్మ గుడి దగ్గర జనం, మైకులు, లైట్లు. మిరపకోతలూ ఆ రోజుల్లోనే. తల్లిదండ్రుల్లో ఒకరు కళ్లంలో కాయకు కాపలా ఉంటే, ఇంకొకరు టిక్కీలు (మిర్చి బస్తాలు) వేసుకుని గుంటూరు యార్డుకు పోతారు. మూడేళ్ల పిల్ల పిన్ని దగ్గరో, ఎదురింటి అత్త దగ్గరో ఉండిపోతుంది. రాత్రి తొమ్మిదైనా పడుకోదు. నీళ్లంటుంది, ఉచ్చంటుంది, చివరికి అమ్మ కావాలని ఏడుపు లంకించుకుంటుంది.

ఇది మొండితనం కాదు. చాలాసార్లు లెక్క తప్పిన నిద్ర. మూడు నాలుగేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మెలకువగా ఉన్న కొద్దీ నిద్ర కూడుతుంది. సాయంత్రం అయిదింటిదాకా పడుకున్న పిల్లకు ఎనిమిదింటికి నిద్ర ఎక్కడినుంచి వస్తుంది? మూడు, మూడున్నరకల్లా లేపెయ్యాలి. అలాగని పగటి కునుకు పూర్తిగా మాన్పిస్తే అలసట ముదిరి ఇంకా గంతులేస్తుంది. "నిద్రకేడుస్తోంది" అని మన ముసలమ్మలు అనేది ఈ పిల్లనే.

చీకటి పడితే ఒంట్లో మెలటోనిన్ ఊరి నిద్రకు దారి చేస్తుంది. వెలుతురు దాన్ని ఆపేస్తుంది, పసివాళ్లలో మరీ ఎక్కువగా. అందుకే ఏడుపు మాన్పడానికి ఇచ్చే సెల్‌ఫోన్ నిద్రను తినేస్తుంది. పడుకునే ముందు గంటసేపు ఫోన్ పక్కన పెట్టి, ట్యూబ్‌లైటు ఆర్పండి.

అమ్మ సంగతే అసలు కష్టం. "ఇప్పుడే వస్తుంది" అన్నారంటే పిల్ల చెవి వాకిట్లోనే ఉంటుంది. "అమ్మ కళ్లం దగ్గరుంది, పొద్దున నువ్వు లేచాక వస్తుంది" అని ఉన్నమాట చెప్పండి. ఫోన్లో మాట్లాడించాలంటే అన్నానికి ముందే మాట్లాడించండి, పక్కమీద కాదు. అమ్మ పాతచీర కప్పితే చాలామంది పిల్లలు కుదుటపడతారు. ఏడాది నిండని బిడ్డ దగ్గర మాత్రం వదులు గుడ్డలు, దిండ్లు ఉంచకూడదు, వెల్లకిలా పడుకోబెట్టాలి.

కథ చెప్పమంటే కొత్తది వెతక్కండి. ఏడు చేపల కథే మేలు. చేప ఎందుకు ఎండలేదో, తర్వాత ఎవర్ని అడగాలో పిల్లకు ముందే తెలుసు. తెలిసిన కథలో ఉత్కంఠ ఉండదు, కళ్లు వాలతాయి. బూచాడి కథ పిల్ల నోరు మూయిస్తుంది గానీ కళ్లు మూయించదు. లేచి బయటికొస్తే తిట్టకుండా, కబుర్లు పెట్టకుండా, చెయ్యి పట్టుకుని మళ్లీ పక్కమీదికి తీసుకెళ్లండి. ఎన్నిసార్లయినా అంతే.

ఒక్క పని మాత్రం చేయొద్దు. మగత వస్తుందని జలుబు సిరప్పు పట్టకండి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని సీసా మీద హెచ్చరిక ముద్రించాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది.