ఖిలాషాపురం నుంచి పాండవుల గుట్ట దాకా: గేమర్లకు బిల్డు పాఠాలు

ఫాంటసీ రోల్ ప్లేయింగ్ గేమ్ ఏది మొదలుపెట్టినా ముందు చేతికి కొన్ని పాయింట్లు వస్తాయి. వాటిని బలానికి పెట్టాలా, చురుకుదనానికా, తెలివికా, ప్రాణానికా అన్నది ఆడేవాళ్ల ఇష్టం. ఈ పంపకాన్నే బిల్డ్ అంటారు. కొత్తవాళ్లు చాలామంది పాయింట్లన్నీ కత్తికే కుమ్మరించి, రెండో బాస్ దగ్గరే చతికిలబడతారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల చరిత్ర మాత్రం వేరే మాట చెబుతుంది. ఇక్కడ నిలిచినవాళ్లు కత్తితో పాటు తిండి, తోడు, చోటు కూడా చూసుకున్నారు. ఆ నేల మీది విశేషాలు, వాటితో పాటు ఆటకు పనికొచ్చే కిటుకులు కొన్ని.

అందరికన్నా పాత విలుకాళ్లు

భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గరి పాండవుల గుట్టల్లోని రాతి చిత్రాలు 1990లో వెలుగులోకి వచ్చాయి. దున్నలు, జింకలు, పులి, చిరుత, వాటితో పాటు విల్లంబులు, కత్తులు, బల్లేలు ఆ రాళ్ల మీద కనిపిస్తాయి. పులి ఎదురైతే దగ్గరికి వెళ్లకుండా కొట్టడమే తెలివని గుహల్లో బతికినవాళ్లకు తెలుసు.

2011లో వచ్చిన స్కైరిమ్ ఆడినవాళ్లలో ఎంతోమంది ఏ పాత్రతో మొదలుపెట్టినా చివరికి నక్కి బాణం వేసే విలుకాళ్లుగానే తేలారు. కారణం లెక్కలోనే ఉంది. దాక్కుని వేసిన బాణం రెట్టింపు దెబ్బ తీస్తుంది. డెడ్లీ ఎయిమ్ నైపుణ్యం తీసుకుంటే అది మూడింతలవుతుంది. అసాసిన్స్ బ్లేడ్ నైపుణ్యంతో బాకు దెబ్బ ఏకంగా పదిహేనింతలు. కాకపోతే బాకుకు శత్రువు వీపు దాకా వెళ్లాలి. అలికిడి లేకుండా నడిచే నైపుణ్యం పెరిగే దాకా విల్లే మేలు.

చేతికందిన ఆయుధం

1946 జులై 4న జనగామ ప్రాంతంలోని కడవెండిలో దొరసాని గడి వైపు నుంచి పేలిన తూటాలకు దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. తెలంగాణ సాయుధ పోరాటానికి తొలి అమరుడు ఆయనే. పోరాటం తొలినాళ్లలో జనం చేతుల్లో ఉన్నవి వడిసెలలు, కర్రలు, రోకళ్లు, కారంపొడి. చేలో పిట్టలను తోలే వడిసెలే దొర గూండాల మీదికి రాయి విసిరింది.

1974లో పుట్టిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో కూడా వడిసెల ఉంది. ఇప్పటి ఐదో ఎడిషన్‌లో దాని ధర ఒక్క వెండి నాణెం, దెబ్బకు వేసేది నాలుగు ముఖాల చిన్న పాచిక. అదే నియమాలపై నడిచే బాల్డర్స్ గేట్ 3లో టావెర్న్ బ్రాలర్ అనే నైపుణ్యం తీసుకుంటే, చేత్తో విసిరే వస్తువులకు బలం మీద వచ్చే అదనపు లెక్క రెండుసార్లు కలుస్తుంది. ఖరీదైన కత్తి దొరికే దాకా ఆగక్కర్లేదు. విసరడం నేర్చిన పాత్రకు దారిలో దొరికే ప్రతి వస్తువూ ఆయుధమే.

ఇనుప నేల మీద చెరువు

మహబూబాబాద్ జిల్లా బయ్యారం పేరు చెప్పగానే ఇనుప ఖనిజం గుర్తొస్తుంది. కత్తికి కావలసింది ఆ నేలలోనే ఉంది. కాకతీయ గణపతిదేవుడి సోదరి మైలమ మాత్రం అక్కడ ధర్మకీర్తి సముద్రం అనే చెరువు తవ్వించింది. ఆమె వేయించిన శాసనం కాకతీయుల వంశవృక్షాన్ని వెన్న నృపుడి దాకా వెనక్కి తీసుకెళ్తుంది. ఆ వంశపు తొలితరాల పేర్లు ఒక వరుసలో మనకు అందింది ఈ చెరువు రాతి వల్లే. సైన్యం కదలాలంటే ముందు పంట పండాలన్నది కాకతీయుల పాలన అంతటా కనిపించే సూత్రం.

2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్‌లో ప్రాణానికి సంబంధించిన గుణం విగర్. అది 40 ఉంటే ప్రాణం 1,450, 60 ఉంటే 1,900. అక్కడి నుంచి గరిష్ఠమైన 99కి చేర్చినా 2,100 దగ్గరే ఆగుతుంది. అంటే ఆ 20 పాయింట్లు 450 ఇస్తే, తర్వాతి 39 పాయింట్లు 200 మాత్రమే ఇస్తాయి. అందుకే విగర్‌ను ముందు 40కి, ఆట సగం దాటాక 60కి తీసుకెళ్లి ఆపండి. మిగిలినవి ఆయుధానికి పెట్టండి. ఒక్క దెబ్బకే పడిపోయే పాత్ర చేతిలో ఎంత గొప్ప కత్తి ఉన్నా వృథాయే.

అడుగు నుంచి పైకెక్కినవాడు

ఎల్డెన్ రింగ్‌లో రెచ్ అనే పాత్ర ఒకటో లెవెల్‌లో మొదలవుతుంది. ఎనిమిది గుణాలూ పదేసి, చేతిలో దుడ్డుకర్ర, ఒంటి మీద కవచం సున్నా. చరిత్రలో అలాంటి ఆరంభం చూడాలంటే జనగామ జిల్లా ఖిలాషాపురం వెళ్లాలి. కల్లుగీత కులంలో పుట్టిన సర్వాయి పాపన్న అక్కడ కోట కట్టాడు. మొగలు సేనలు కూల్చేస్తే ఇంకా గట్టిగా మళ్లీ లేపాడు.

1708 వసంతంలో రెండు మూడు వేల కాల్బలం, నాలుగైదు వందల గుర్రాలతో ఓరుగల్లు మీద పడ్డాడు. మొహర్రం సంతాపంలో మునిగిన ఊరు కాపలా మరిచిన సమయం చూసుకున్నాడు. మరుసటి ఏడాది బాదుషా బహదూర్ షాకు 14 లక్షల రూపాయలు చెల్లించి గౌరవ వస్త్రం అందుకున్నాడు. గీత కార్మికుడికి దర్బారు మర్యాదా అని పెద్దింటివాళ్లు మండిపడ్డారు.

పాపన్న బిల్డులో చూడాల్సినవి రెండున్నాయి. మొదటిది జట్టు. జానపద కథల్లో ఆయన అనుచరులు కుమ్మరి, చాకలి, మంగలి, మేదరి, దూదేకుల ఇళ్లవాళ్లు. ఎవరి చేతిపని వాళ్లది. నలుగురిని వెంటబెట్టుకుని ఆడే గేముల్లో కూడా నలుగురూ కత్తివీరులైతే తాళం తీసేవాడుండడు, గాయం మాన్పేవాడుండడు. రెండోది రాబడి. పది పన్నెండు వేల ఎడ్లను బంజారాల నుంచి లాక్కుని తన పొలాలు దున్నించాడని మొగలు చరిత్రకారుడు కాఫీ ఖాన్ రాశాడు. అది దోపిడీయే. అయినా దోచిన సొమ్మును పంటగా మార్చిన ఆలోచన గమనించండి. ఆటలో బంగారం దొరికిన వెంటనే మెరిసే కవచం మీద ఖర్చు చేసేవాళ్లకు చివరి అంకంలో మందు సీసాలు మిగలవు.

ఫిరంగులకు లొంగక, గిన్నెలకు లొంగిన కోట

పాపన్న బయట మరో కోటను ముట్టడిస్తుండగా ఖిలాషాపురం చెరసాలలో ఆయన బావమరిది బందీగా ఉన్నాడు. తమ్ముడి మీద జాలితో పాపన్న భార్య అన్నం గిన్నెల్లో ఆకురాళ్లు దాచి పంపింది. బందీలు సంకెళ్లు కోసుకుని కోటను చేజిక్కించుకున్నారు. పాపన్న పరుగున వచ్చేసరికి సొంత ఫిరంగులే ఆయన మీద పేలాయి. అక్కడి నుంచి తాటికొండకు తగ్గి నెలల తరబడి పోరాడి, 1710లో పట్టుబడి మరణశిక్షకు గురయ్యాడు.

బాల్డర్స్ గేట్ 3లో ఎత్తు మీద నిలబడినవాడికి దాడి పాచికలో రెండు అంకెలు అదనంగా కలుస్తాయి. బురుజు ఇచ్చే లాభం అదే. అదే ఆటలో తోటివాళ్ల మనసు విరిగితే వాళ్లు జట్టు వదిలి పోతారు, ఆ నష్టాన్ని ఏ ఎత్తూ పూడ్చలేదు. ప్రతి యుద్ధం తర్వాత విడిదిలో అందరితో మాట్లాడటాన్ని కూడా పోరులో భాగంగానే లెక్కపెట్టండి.

మూడు జీవాల మృగం

భూపాలపల్లి జిల్లా గణపురం కోటగుళ్లు గణపతిదేవుడి కాలం నాటివి. ప్రాకారం లోపల ప్రధానాలయం చుట్టూ 22 చిన్న గుళ్లు. సగం మనిషి, సగం సింహమైన రూపం ఏనుగును అణగదొక్కే శిల్పాలు అక్కడ కనిపిస్తాయి. గేములో అలాంటి బాస్ ఎదురైతే ముందు దాని ఒళ్లు చదవండి. సింహపు కాళ్లుంటే దూకుతుంది, ఏనుగు బరువుంటే నేల అదిరేలా తొక్కుతుంది. మొదటి రెండు ప్రయత్నాల్లో కొట్టకుండా తప్పించుకుంటూ కదలికలు గుర్తుపెట్టుకోవడమే చాలు.

ఏనుగుల దళపతి, నాట్య శాస్త్రకారుడు

రెండు క్లాసులు కలిపి ఆడటాన్ని మల్టీక్లాస్ అంటారు. ఇందులో కాకతీయుల నేల మొనగాడు జాయప సేనాని. గణపతిదేవుడి గజదళానికి నాయకుడు. నృత్తరత్నావళి రాసింది కూడా ఆయనే. వీరులు ఆడే పేరిణిని ఆ గ్రంథం వివరిస్తుంది. రెండు విద్యలు ఒకదానికొకటి బలమైతేనే కలపండి. పాటగాడికీ కత్తివీరుడికీ చురుకుదనం పనికొస్తుంది కాబట్టి ఆ జోడీ నిలుస్తుంది. ఒకదానికి బలం, ఇంకోదానికి తెలివి కావాల్సివస్తే పాయింట్లు చీలి రెండూ అరకొరగా మిగులుతాయి.

ప్రతిసారీ మారే నైపుణ్య వృక్షం

హైదరాబాద్‌కు చెందిన ఓగర్ హెడ్ స్టూడియో 2017లో అసుర గేమ్ విడుదల చేసింది. కథకు మూలం మన పురాణ లోకం. ఇందులో నేలమాళిగలే కాక స్కిల్ ట్రీ కూడా ఆడిన ప్రతిసారీ కొత్తగా అల్లుకుంటుంది. ఎవరో చెప్పిన బిల్డును కంఠతా పట్టి గెలవడం ఇక్కడ కుదరదు. చేతికందిన నైపుణ్యాల్లో ఏవి కలుస్తాయో అక్కడికక్కడే తేల్చుకోవాలి. బిల్డు ఆలోచన పదునెక్కాలంటే ఇది మంచి సాధన.

సామ్రాజ్యాన్ని నిలబెట్టిన సపోర్ట్ పాత్ర

జనగామ జిల్లా గూడూరులోని 12వ శతాబ్దపు శాసనంలో విరియాల కామసాని కథ ఉంది. కాకతి వంశపు బాలుడు గరుడ బేతరాజు దిక్కులేకుండా మిగిలితే ఆమె చేరదీసింది. చాళుక్య చక్రవర్తిని కలిసి అతణ్ని అనుమకొండకు పాలకుణ్ని చేయించింది. గణపతిదేవుడు, రుద్రమదేవి ఆ కొమ్మకు పూసినవాళ్లే.

గేముల్లో అందరూ చిన్నచూపు చూసేది సపోర్ట్ పాత్రనే. బాల్డర్స్ గేట్ 3లో బ్లెస్ అనే మొదటి మెట్టు మంత్రం ముగ్గురికి ఒకేసారి పనిచేస్తుంది. వాళ్ల ప్రతి దాడికీ నాలుగు ముఖాల పాచిక అదనంగా పడుతుంది. మంత్రం వేసినవాళ్లు ఒక్క దెబ్బ కొట్టకపోయినా మిగతా ముగ్గురి గురి కుదురుతుంది. కత్తివీరుడితో ఎన్నిసార్లు ఆడినా దాటలేని బాస్ ఉంటే, కత్తి మార్చే ముందు జట్టులోకి ఒక సపోర్ట్ పాత్రను తీసుకుని చూడండి.