మెరుపు కాదు, పట్టు

శాంతిపురం, కుప్పం వైపు మహాభారత ఉత్సవాల్లో అర్జున తపస్సు రోజున జనం కళ్లన్నీ నిలబెట్టిన తపస్సు మాను మీదే. అర్జున వేషధారి పాడుతూ ఒక్కో మెట్టే ఎక్కుతాడు. పైనుంచి విసిరే నిమ్మకాయల కోసం సంతానం కోరే ఆడవాళ్లు కింద కొంగు పట్టుకుని ఎదురుచూస్తారు. భక్తి సంగతి అలా ఉంచి, అంత ఎత్తున ఆ మనిషి ప్రాణానికి పూచీ అడ్డంగా బిగించిన మెట్టుకర్రలదే.

క్రీడల్లోనూ చెక్కకు ఈ పని ఉంది. 1988లో జర్మనీకి చెందిన శిలారోహకుడు వోల్ఫ్‌గాంగ్ గూలిక్ న్యూరెంబర్గ్ వ్యాయామశాలలో వాలుపలకకు చెక్కపట్టీలు బిగించి, కాళ్లు ఆనించకుండా వేళ్లతోనే ఎక్కే సాధన చేశాడు. ఇప్పుడు రెజిన్ పట్లు ఎన్ని వచ్చినా, వేళ్ల చర్మం ఒరుసుకుపోకుండా ఉంటుందని చాలామంది సాధనకు చెక్కనే కోరుకుంటారు.

అందంగా ఉండాలని ఆ చెక్కకు వార్నిష్ పూసేవాళ్లున్నారు. అది కుర్చీకి చేయాల్సిన సేవ. పూత వేస్తే చెక్క చెమటను పీల్చుకోలేదు, చెయ్యి జారుతుంది. ఆరోహకులు చేతులకు రాసుకునే మెగ్నీషియం కార్బొనేట్ పొడి, చెమట జిడ్డు కలిసి చెక్క రంధ్రాలను పూడ్చినా అంతే. మెత్తటి కుచ్చు బ్రష్‌తో రుద్దితే చాలు. ఇనప బ్రష్ నారను చీల్చేస్తుంది. పేడు లేచినచోట సన్నటి గరుకు కాగితంతో నార వాలునే రుద్దాలి. నీళ్లలో నానబెట్టడం మాత్రం వద్దు.

ఎందుకంటే చెక్క తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. అదీ అన్ని వైపులా ఒకేలా కాదు. పచ్చి కర్ర పూర్తిగా ఎండితే పొడవులో తగ్గేది సాధారణంగా 0.1 నుంచి 0.2 శాతమే, వలయాల వెంట అడ్డంగా 6 నుంచి 12 శాతం దాకా తగ్గవచ్చు. వానాకాలంలో గట్టిగా పట్టిన బోల్టు వేసవిలో వదులయ్యేది ఇందుకే. కాబట్టి కాలం మారినప్పుడల్లా బిగింపు చూడాలి, అలాగని మరీ బిగిస్తే చెక్కే నలుగుతుంది. తేమ 20 శాతం దాటి చాలాకాలం నిలిస్తే కుళ్లు బూజు పట్టే ప్రమాదం ఉంది. అది ఎక్కువగా మొదలయ్యేది కంటికి కనబడే పైభాగంలో కాదు, నీరు దిగి ఆరని రంధ్రాల్లో, కీళ్లలో.

నార వెంట నడిచిన పగులు బోల్టు రంధ్రం దాకా వస్తే జిగురు పెట్టి నెట్టుకురావద్దు. ఆ కర్ర పొయ్యిలోకి, కొత్తది మానుకు.