రెండు నెలల్లో కట్టిన ఓడ

శాన్ ఫ్రాన్సిస్కో వెళ్ళి ఫిషర్‌మన్స్ వార్ఫ్ చూడని తెలుగువారు అరుదు. ఆ ఊరి రేవులోనే బూడిదరంగులో నిలిచి ఉండే జెరెమయా ఓబ్రయన్ అనే పాత సరుకుల ఓడను మాత్రం చాలామంది పట్టించుకోరు.

రెండవ ప్రపంచయుద్ధంలో జర్మన్ జలాంతర్గాములు ఓడలను ముంచుతున్నంత వేగంగా కొత్తవి కట్టడం మిత్రదేశాలకు సాధ్యం కాలేదు. అందుకు అమెరికా చూపిన ఉపాయం లిబర్టీ ఓడ. ఒక బ్రిటిష్ నమూనాను సులువు చేసి, 1941-45 మధ్య 2,710 ఓడలు కట్టారు. భాగాలను విడివిడిగా తయారుచేసి, చాలావరకు రివెట్లు లేకుండా వెల్డింగుతో అతికించారు. పనివారిలో వేలాదిమంది ఆడవాళ్ళు. మెయిన్ రాష్ట్రంలోని సౌత్ పోర్ట్‌లాండ్‌లో ఓబ్రయన్ కట్టడానికి రెండు నెలలు కూడా పట్టలేదు. 1943 జూన్ 19న జలప్రవేశం చేసింది.

ఇంజను మాత్రం అప్పటికే పాతకాలపుది. 2,500 అశ్వశక్తి ఆవిరి ఇంజను, వేగం 11 నాట్లు. టర్బైన్లు యుద్ధనౌకలకే చాలడం లేదు మరి!

హడావుడికి మూల్యం కూడా చెల్లించారు. చలి సముద్రాల్లో కొన్ని ఓడలు పగిలాయి, కొన్ని రెండు ముక్కలయ్యాయి. నింద ముందు వెల్డింగు మీద పడింది. కేంబ్రిడ్జిలో కాన్‌స్టన్స్ టిప్పర్ అనే శాస్త్రవేత్త పరీక్షలు చేసి, ఆ ఉక్కే చలిలో పెళుసెక్కుతోందని తేల్చారు. రివెట్ల ఓడలో పగులు ఒక రేకు అంచున ఆగిపోయేది. వెల్డింగు ఓడలో దానికి అడ్డే లేదు. మన ఇంజనీర్లలో చాలామంది ఈ పాఠం కాలేజీలో చదివే ఉంటారు.

ఓబ్రయన్‌కి ఆ గతి పట్టలేదు. 1944లో ఇంగ్లండు నుంచి నార్మండీ తీరానికి 11 సార్లు సైనికులను, సామగ్రిని చేరవేసింది. తరువాత పసిఫిక్ వైపు తిరిగి భారతదేశం దాకా వచ్చింది. యుద్ధం అయ్యాక 33 ఏళ్ళు మూలపడి, 1979లో సొంత ఆవిరితోనే బయటికి వచ్చింది. 1994లో, 50 ఏళ్ళ సంస్మరణకి, ఎక్కువగా వృద్ధ నావికులే నడుపుతుండగా మళ్ళీ నార్మండీ వెళ్ళింది.

ఈ ఓడలు నడిపినవారు సైనికులు కారు, వాణిజ్య నావికులు. వేలమంది సముద్రంలోనే పోయారు. అయినా తిరిగొచ్చిన సైనికులకు చదువుకీ ఇళ్ళకీ దొరికిన ప్రభుత్వ సాయం వీళ్ళకి దక్కలేదు. మాజీ సైనికులతో సమానమైన హోదా 1988లో గానీ రాలేదు, అదీ కోర్టుకెక్కాక. అప్పటికి చాలామంది లేరు.

వెళ్ళేవారు ఇంజను గదిలోకి తప్పక దిగండి. 'టైటానిక్' సినిమాలో కనిపించే ఇంజను ఇదే. ఇనుప మెట్లు నిటారుగా ఉంటాయి, పిల్లలు జాగ్రత్త.